పాడుపడిన యిల్లు - పౌరధర్మము

ఇల్లు కట్టి చూడుమని మన పెద్దలు చెప్పిరి. కట్టుటలోని కష్టము నెఱిఁగినవారి మాట యది. కాని కట్టిన యింటిని విడిచిపెట్టినచో నేమగునో చెప్పు మాట మన సామెతలలో నంతగా వినఁబడదు. ఆ కథ యిట్లుండును. ఇల్లు విడిచిన మొదటి మాసమున వాకిట గడ్డి మొలచును. రెండవ మాసమున నెవఁడో కిటికీ యద్దమును పగులఁగొట్టును. పిమ్మట దొంగలు వచ్చి గోడలలోని రాగిగొట్టములను, నీటిపంపులను ఊడఁబెఱికికొని పోవుదురు. వాన కప్పులోనుండి కాఱి గోడలను నానఁజేయును. చలికాలమున నిలువనీడ లేనివాఁ డొకఁడు లోపలఁ జేరి చలిమంట వేసికొనును. ఒకనాఁ డా మంట ప్రక్కయింటి కంటుకొనును. నిన్నటివఱకు నా యిల్లొక్కనిది. నేఁ డది వీధియందఱిది. దాని సుఖములోఁ బాలు లేని పొరుగువాఁడు దాని కష్టములో మాత్రము పాలు పంచుకొనవలసివచ్చినది. ఇది న్యాయమా?

ఖాళీయిండ్లను నగరము లెట్లు నిర్వహింపవలె ననుట పైకి మునిసిపాలిటీ యింజనీర్లును లెక్కగుమాస్తాలును తేల్చుకొనవలసిన విషయమువలెఁ గనఁబడును. లోతుగఁ జూచినచో నిది ధర్మవిచారము. అప్పిచ్చినవాని ధర్మమేమి? తీసికొన్నవాని ధర్మమేమి? ఊరి ధర్మమేమి? ఎవ్వఁడును ‘నాది’ యని చెప్పుకొనని సొత్తునకు బాధ్యుఁ డెవఁడు? ఈ ప్రశ్నలు తేలనిది యే పథకమును నిలువదు. వీనిని విచారించుటకు అమెరికా దేశమున 2007 మొదలుకొని సంభవించిన గృహవిపత్తు తగిన యుదాహరణమని మా తలంపు. ఒక రోగముయొక్క లక్షణము లన్నియు నొక్కచోటఁ గనఁబడినచో వైద్యవిద్యార్థి కెంత యుపయోగమో, ఆ దేశముయొక్క యనుభవము మన కంత యుపయోగము.

జరిగిన దిది. 2000 తరువాతి సంవత్సరములలో నచ్చటి ఋణసంస్థలు, తీర్చఁగలవాఁడా కాఁడా యని విచారింపకయే, యెందఱకో యిండ్లపై నప్పులిచ్చినవి. పెక్కు పత్రములలో మొదటి రెండు మూఁడేండ్లు వడ్డీ స్వల్పము. పిమ్మట నది యొక్కసారిగఁ బెరుఁగును. అప్పిచ్చిన సంస్థ యా పత్రమును తనయొద్ద నుంచుకొనదు, మఱియొకరి కమ్మివేయును. కొన్నవారు వేలకొలఁది పత్రములను మూటగట్టి, ఆ మూటలోని భాగములను లోకమునందలి మదుపరులకు విక్రయింతురు. ఇట్లు ఋణదాత ఋణగ్రస్తుని మొగ మెఱుఁగఁడు. ఋణగ్రస్తుఁడు తన ఋణదాత యెవఁడో యెఱుఁగఁడు. ఇండ్లధరలు పెరుఁగుచున్నంతకాల మీ లోపము కానరాలేదు. ధరలు పడఁగానే యంతయుఁ గూలెను. 2010వ సంవత్సర మొక్కదానియందే యించుమించు 29 లక్షల యిండ్లకు జప్తునకు సంబంధించిన నోటీసులు వచ్చెను.

ఓహైయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరమున స్లావిక్ విలేజి యను పేట కలదు. ఐరోపాఖండమునుండి వలసవచ్చి యుక్కు కార్ఖానాలలోఁ బనిచేసిన పోలిషు, చెకు కుటుంబములవారు కట్టుకొన్న కొయ్యయిండ్ల పేట యది. 2007లో దేశమంతటిలో జప్తు లత్యధికముగ జరిగిన తావులలో నది ముందు నిలిచినది. అచ్చట నష్టపోయినవాఁ డప్పుచేసినవాఁడు మాత్రమే యని తలఁపరాదు. ముప్పదియేండ్లు పనిచేసి, చివరి డాలరువఱకు నప్పు తీర్చి, ముదిమియం దా యింటినే తన సర్వస్వముగఁ జూచుకొనుచున్న గృహస్థుఁ డుండెను. అతఁ డే తప్పును జేయలేదు. కాని యతని కుడివైపు నిల్లు ఖాళీ, ఎడమవైపు నిల్లు ఖాళీ. అతని యింటికి వెల పోయినది. రాత్రి నిద్ర పోయినది. అమ్ముకొని పోవుదమన్నఁ గొనువాఁడు లేఁడు. అప్పు చేయనివాఁడును పొరుగింటి యప్పునకు వడ్డీ చెల్లించిన ట్లయ్యెను.

ఇంతకంటె విపరీతమైన దొకటి కలదు. జప్తు ప్రారంభించిన బ్యాంకు, దావా వేసి, నోటీసిచ్చి, కాపురముండువానిని భయపెట్టి వెళ్లఁగొట్టిన తరువాత, ఆ యింటికి పన్నులును మరమ్మతులును లెక్కవేసి చూచుకొనును. వచ్చెడి వెలకంటె నయ్యెడి వ్యయ మెక్కువయని తోఁచినచో నా జప్తును నడుమ విడిచిపెట్టును. హక్కు బ్యాంకునకు మాఱలేదు. కాఁబట్టి చట్టము దృష్టిలో నిల్లు పూర్వపు యజమానిదే. అతఁడో, ఇల్లు పోయినదని నమ్మి పరయూరఁ జేరినవాఁడు. కొంతకాలమునకు వానికి గడ్డి కోయింపనందుకు జరిమానాయు, పన్నుబాకీ కాగితమును వచ్చును. ఇట్లు విడువఁబడిన జప్తులనుగూర్చి యా దేశపు ప్రభుత్వగణనపరిశోధక కార్యాలయము 2010లో నివేదిక ప్రకటించినది. దేశమంతటిలో వీని సంఖ్య స్వల్పమే యైనను, డిట్రాయిటు, క్లీవ్‌లాండు వంటి కొన్ని నగరములలోని బీదపేటలం దవి గుమిగూడియున్నవని తేలినది. చచ్చియుఁ జావని ప్రేతములవలె నున్నవని వీనిని ‘జోంబీ’ యిండ్లని జనులు పిలువసాగిరి.

ఇచ్చట నాఁగి మూలప్రశ్నను విచారింతము. సొత్తనఁగా నేమి? అనుభవించుటకు హక్కు, అమ్ముటకు హక్కు, ఇతరులను రానీయకుండుటకు హక్కు అని సామాన్యముగఁ జెప్పుదురు. పాడుచేయుటకును హక్కు కలదా? మన ధర్మశాస్త్రములు ఋణవ్యవహారములను మిక్కిలి శ్రద్ధతో విచారించినవి. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో మొదటిది ఋణాదానమే. కుదువసొత్తును గూర్చి యాజ్ఞవల్క్యుఁడు విధించిన న్యాయమును మన పాఠకులు స్మరింపవలెను. రక్షించుటకై యుంచిన కుదువను ఋణదాత వాడుకొన్నచో వానికి వడ్డీ పోవును. వానియొద్ద నది చెడినచో సరిచేసి యీయవలెను, నశించినచో బదులీయవలెను. దైవమువలనఁ గాని రాజువలనఁ గాని కలిగిన నష్టమునకు మాత్రమే మినహాయింపు. అనఁగా కుదువ పట్టినవానికి సొత్తుపై హక్కుతోపాటు దానిని గాపాడు భారమును సంక్రమించును. తీసికొనుటకుఁ జేయిచాఁచి, కాపాడుటకుఁ జేయి ముడుచుకొనువానిని ఆ శాస్త్ర మొప్పదు.

పశ్చిమదేశములలో స్వత్వసిద్ధాంతమునకు మూలపురుషులలో నొకఁడైన జాన్ లాకు కూడ 1689లో వెలువడిన తన రాజనీతి గ్రంథమున నిట్టి హద్దునే పెట్టెను. మనుష్యుఁడు తన శ్రమచే సంపాదించుకొన్నది తనదే. కాని చెడిపోవకమున్ను వినియోగించుకొనఁగలిగినంతవఱకే యా హక్కు. కుళ్లిపోవునంత కూడఁబెట్టినచో నితరుల భాగము నపహరించినట్లే యని యతని వాదము. ఒకరు గంగాతీరపు స్మృతికారులు, ఒకరు ఆంగ్లతత్త్వవేత్త. ఇరువురును వేఱువేఱు దారులఁ జేరిన గమ్య మొక్కటే: హక్కు నిలుచునంతకాలము బాధ్యత నిలుచును. బాధ్యతను విడిచినవాఁడు హక్కును బట్టుకొని వ్రేలాడరాదు.

ఈ సూత్రమును చేతఁబట్టుకొని నగరము లేమి చేయవలెనో, ఏమి చేసినవో చూతము.

మొదటి ధర్మము ఇంటిని ఖాళీ కానీయకుండుట. ఇది యతిసులభమైన మాట. కాని పెక్కు నగరములు తుదకుఁ గాని దీనిని గ్రహింపలేదు. ఫిలడెల్ఫియా ముందుగనే గ్రహించినది. 2008 మార్చిలో నా నగరసభ, వాసగృహముల వేలములను నిలుపుమని తీర్మానించెను. వేలములు జరుపు నధికారియగు షెరిఫు జాన్ గ్రీన్ ఏప్రిలు మాసపు వేలమును నిలిపివేసెను. చట్టమును మీఱినాఁడని ఋణసంస్థలవారు కోపించిరి. అప్పుడు న్యాయస్థానమువారొక మధ్యమార్గమును గనిపెట్టిరి. యజమాని తాను కాపురమున్న యింటిని వేలమునకుఁ దెచ్చుటకు మున్ను, ఋణదాతయు ఋణగ్రస్తుఁడును ఒక బల్లయొద్ద నెదురెదురుగఁ గూర్చుండి మాటాడవలెను. ప్రక్కను గృహఋణవిషయము లెఱిఁగిన సలహాదారుఁ డుండును. న్యాయమూర్తి ఆనెటు రిజ్జో పర్యవేక్షణమున నా జూన్ మాసముననే యిది మొదలయ్యెను. నోటీసుకాగితములు విప్పి చూచుటకే భయపడు కుటుంబములయొద్దకు మనుష్యులు నడచిపోయి తలుపుతట్టి యీ సంగతి తెలియఁజెప్పిరి.

మే మీ యేర్పాటును మిక్కిలి గౌరవించుచున్నాము. దీనివలన నప్పు మాఫీ కాలేదు. ఎవ్వరి హక్కును గొట్టివేయఁబడలేదు. మూటలలోఁ బడి మాయమైపోయిన మొగములు రెండును మరలఁ బ్రత్యక్షమైనవి, అంతే. వడ్డీ తగ్గించినచోఁ దీర్చఁగలవాఁ డెవఁడో, ఉద్యోగము దొరకువఱకు గడువు కావలసినవాఁ డెవఁడో, ఎట్లును నిలుపుకొనలేఁడు గనుక గౌరవముగ వెడలిపోవలసినవాఁ డెవఁడో యా బల్లయొద్దఁ దేలును. అందఱి యిండ్లును దక్కలేదు. కాని విచారణ లేకుండ నెవ్వని యిల్లును పోరాదను నియమము నిలిచెను.

రెండవ ధర్మము బాధ్యుని వెదకి పట్టుకొనుట. ఇల్లు ఖాళీయైనప్పుడు మొట్టమొదట మాయమగునది యజమాని చిరునామా. కాలిఫోర్నియాలోని చులావిస్టా నగరము 2007లో నొక శాసనముచే, అప్పు చెల్లక ఖాళీయైన ప్రతి యింటిని ఋణసంస్థ నగరమునొద్ద నమోదు చేయింపవలె ననియు, దానిని గాపాడవలె ననియు విధించినది. మఱుసటి సంవత్సరమున నా రాష్ట్రమే, జప్తుచేసిన యింటిని పాడుపఱచు సంస్థకు రోజునకు 1,000 డాలర్లవఱకు జరిమానా వేయుట కధికార మిచ్చినది. క్లీవ్‌లాండు గృహన్యాయస్థానమున న్యాయమూర్తిగ నుండిన రేమండ్ పియాంకా పిలిచినను హాజరుకాని కంపెనీలను వాని పరోక్షముననే విచారించి జరిమానాలు విధించెను. ఒక ముదుసలి తన యింటి మెట్లు బాగుచేయించుకొననందుకు శిక్షింపఁబడఁగా, వందలకొలఁది యిండ్లు పాడుపెట్టిన కంపెనీ దూరదేశమున నుండుటచే తప్పించుకొనుట యెట్టి న్యాయము?

ఫిలడెల్ఫియాయం దింకొక చిన్న శాసనము 2011నుండి యమలున నున్నది. చుట్టుప్రక్కల జనులు కాపురముండు వీధిలో నిల్లు ఖాళీగ నుంచువాఁడు దానికిఁ జెక్కపలకలు కొట్టి పోరాదు. నిజమైన తలుపులును కిటికీలును పెట్టవలెను. ఇదేమి చాదస్తమని తోఁపవచ్చును. కాని చెక్కలు కొట్టిన కిటికీ ‘ఈ వీధి నెవరును జూడరు’ అని చాటును. అద్దపు కిటికీ ‘ఎవరో చూచుచున్నారు’ అని చెప్పును. యజమాని యెంతకును గదలనిచోట బాల్టిమోరు నగర మనుసరించు పద్ధతి వేఱు. న్యాయస్థానము రిసీవరును నియమించును. అతఁ డా యింటిని బాగుచేయఁగల శక్తియున్నట్లు చూపినవానికే విక్రయించును. అట్టి బాల్టిమోరులోనే 2022 జనవరిలో నొక పాడింట నగ్ని చెలరేఁగఁగా, కప్పు కూలి ముగ్గురు అగ్నిమాపకసైనికులు మరణించిరి. అదే యింట 2015లోను మంటలు పుట్టి కొందఱు సైనికులు గాయపడియుండిరి. ఏడేండ్ల హెచ్చరిక చాలలేదు. ఎవ్వరును వసింపని యింటికొఱకు మూఁడు కుటుంబములు దుఃఖపడవలసివచ్చినది. ‘పాడిల్లు ఎవ్వరి కేమి చేసినది?’ యని యడుగువారికి దీనికంటె వేఱు సమాధాన మక్కఱలేదు.

మూఁడవ ధర్మము, యజమాని నిశ్చయముగ విడిచిన యింటిని ఊరు తాను గ్రహించి ఊరికొఱకు వినియోగించుట. మిచిగన్ రాష్ట్రములో పూర్వము పన్నుబాకీపడిన యిండ్ల హక్కులు తేలుటకు ఆఱేడేండ్లు పట్టుచుండెను. ఈలోపల బాకీపత్రములను గొనువారు లాభము పిండుకొనుచుండిరి, ఇల్లు కుళ్లుచుండెను. 1999లోని చట్టము గడువును తగ్గించి, ఇల్లు కౌంటీకి, అనఁగా మన జిల్లావంటి దానికి, సంక్రమించు మార్గ మేర్పఱచినది. దాని నాధారముగఁ జేసికొని ఫ్లింటు నగరమున్న జెనెసీ కౌంటీలో డాన్ కిల్డీ 2002లో ల్యాండు బ్యాంకు నారంభించెను. మోటారుకార్ల పరిశ్రమ క్షీణించుటచే, 1960లో దాదాపు 1,97,000 మంది యుండిన ఫ్లింటునందు 2020 నాఁటికి 81,000 మంది మిగిలిరి. మనుష్యులు పోయిరి, ఇండ్లు పోలేదు. ల్యాండు బ్యాంకనునది డబ్బుబ్యాంకు కాదు. విడిచిన యిండ్లను, స్థలములను ఊరి పక్షమున నుంచుకొని, నిలువఁదగినవానిని బాగుచేయించి, తగనివానిని గూల్చి, తగినవారి చేతఁబెట్టు ధర్మకర్తృసంస్థ. ఖాళీస్థలమును ప్రక్కయింటి వారికి స్వల్పవెలకిచ్చి, వారి తోఁటగ మార్చు పద్ధతి దీని మంచిపనులలో నొకటి. ఇన్నాళ్లు నష్టపడిన పొరుగువానికే మొదటి హక్కు. వేలములో గంపగుత్తగఁ గొని, మరల విడిచి పాఱిపోవు దూరపు వ్యాపారులకంటె నీ పొరుగువాఁ డెంతయో మేలు. క్లీవ్‌లాండున్న కయహోగా కౌంటీలో కోశాధికారి జిమ్ రొకాకిస్ పట్టుదలచే 2009లో నిట్టి సంస్థయే యేర్పడెను. కొన్ని బ్యాంకులు తమకు వలదన్న యిండ్లను దానికి దానముగ నిచ్చి, కూల్చు వ్యయములోఁ గొంత భరించినవి.

ఇంతవఱకు నగరమును మెచ్చుకొంటిమి. ఇప్పుడు నగరమును నిలదీయవలెను. ఊరికిఁ దీసికొను నధికారము వచ్చిన వెంటనే తీసికొనుటయందు రుచి పుట్టును. ఋణదాతను కట్టివేసిన ధర్మము ఊరిని గట్టివేయదా?

డిట్రాయిటు కథ వినుఁడు. 1950లో 18 లక్షల 50 వేలమంది యుండిన నగర మది; 2020 నాఁటికి 6 లక్షల 40 వేలు. 2013 జూలైలో నా నగరము దివాలాకోర్టు నాశ్రయించెను. ఆస్తిని దాని బజారువెలలో సగమునకు మించి పన్నులెక్క కట్టరాదని మిచిగన్ రాజ్యాంగము. 2008 తరువాత ఇండ్లవెలలు పాతాళమునకుఁ గ్రుంగినను నగరపు లెక్కలు దిగలేదు. 2010 మొదలు 2016 వఱకు గృహస్థులనుండి కనీసము 60 కోట్ల డాలర్లు అధికముగ గుంజఁబడినవని డిట్రాయిట్ న్యూస్ పత్రిక 2020లో లెక్కకట్టి ప్రకటించినది. మిక్కిలి బీదలకు పన్నుమినహాయింపు చట్టముననే కలదు. కాని పెక్కుమంది దాని నెఱుఁగరు. చెల్లింపనక్కఱలేని పన్ను చెల్లింపలేక యిండ్లు పోఁగొట్టుకొన్నవారును గలరు. ఆ యిండ్లును ఖాళీయై, పాడుపడి, తుదకు నగరమే డబ్బిచ్చి కూల్పింపవలసివచ్చెను. తాను త్రవ్విన గోతిని తానే పూడ్చుకొనుటకు జనుల సొమ్ము వెచ్చించిన ట్లయ్యెను.

ఆ రాష్ట్రమునందే ఓక్లాండ్ కౌంటీలో ఒక యింటికి 8 డాలర్ల 41 సెంట్ల పన్ను తక్కువపడెను. వడ్డీయు రుసుములును జేరి యది 285 డాలర్లయ్యెను. కౌంటీవా రా యింటిని 24,500 డాలర్లకు వేలమువేసి, బాకీ పోను మిగిలిన దంతయు తమయొద్దనే యుంచుకొనిరి. 2020లో మిచిగన్ సర్వోన్నతన్యాయస్థాన మిది చెల్లదని తీర్పు చెప్పెను. 2023 మేలో అమెరికా సుప్రీముకోర్టు ముందునకు మినెసోటా రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యమున వాది తొంబదినాలుగేండ్ల వృద్ధురాలు. ఆమె బాకీ, జరిమానాలతోఁ గలిసి, 15,000 డాలర్లు. ఇంటికి వేలములో వచ్చినది 40,000. మిగిలిన 25,000 డాలర్లను ఉంచుకొనుటకుఁ గౌంటీకి హక్కులేదని న్యాయమూర్తులందఱు నేకగ్రీవముగఁ దీర్పుచెప్పిరి. రావలసినది తీసికొనుట న్యాయము. మిగిలినదికూడఁ దీసికొనుట దోఁపిడి. దోఁచినవాఁడు ప్రభుత్వమైనంతమాత్రమున దాని పేరు మాఱదు.

ఇఁక కూల్చుటనుగూర్చి. 2010లో ఆ దేశపు కేంద్రప్రభుత్వము జప్తులకు మిక్కిలి గురియైన రాష్ట్రములలోని గృహస్థుల నాదుకొనుటకై నిధిని నెలకొల్పెను. 2013లో మిచిగన్‌కు చెందిన యా నిధిలో 10 కోట్ల డాలర్లను పాడిండ్లను గూల్చుటకు వాడుకొనుట కనుమతి లభించెను. పాడిండ్లు పోయినఁగాని మిగిలిన యిండ్లు నిలువవని యొక వాదము. మనుష్యులను నిలుపుటకిచ్చిన సొమ్ముతో గోడలు పడఁగొట్టుచున్నారని మఱియొక వాదము. రెంటిలోను నిజము కలదు. 2014లో డిట్రాయిటునం దొక సంఘము నగరములోని స్థలముల నన్నిటి నొక్కొక్కటిగఁ బరీక్షింపించి, పాడుపడినవియు పాడుపడఁబోవుచున్నవియుఁ గలిసి 84,641 కట్టడములును స్థలములును ఉన్నవని నివేదించెను. 2020లో నా నగరప్రజలు 25 కోట్ల డాలర్ల ఋణపత్రములకు ఓటువేసిరి. 8,000 యిండ్లు కూల్చుటయు, 8,000 యిండ్లు నిలుపుటయు దాని యుద్దేశము. ఈ సమభాగము మాకు సమ్మతము. కూల్చుట శస్త్రచికిత్సవంటిది, అవసరమైనచోఁ జేయవలెను, కాని అదియే వైద్యమని తలఁపరాదు.

కూల్చిన తరువాత స్థలమును మరల విడిచిపెట్టుట యింకొక పాపము. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీస్థలములను చీట్లు వేసినట్లు విభజించి, కొన్నిటిని శుభ్రముచేసి, గడ్డి పఱచి, నాలుగు చెట్లు నాటి, పొట్టి కొయ్యకంచె వేసిరి. కొన్నిటిని యథాతథముగ నుంచిరి. 2018లో ప్రకటింపఁబడిన ఫలితమునుబట్టి, బీదపేటలలో బాగుచేసిన స్థలముల చెంతఁ దుపాకికాల్పులు నూటికి 29 వంతున తగ్గినవి. గొప్పభవనములు కావు, గడ్డియు కంచెయు! చూచువాఁ డున్నాఁడను భావమే మనుష్యుని సగము కాపాడును.

అప్పుచేసి తీర్పనివానిపై నింత జాలి యేల యని కొందఱ డుగుదురు. ఋణము తీర్చుట ధర్మమే; మేము కాదనము. కాని తీర్చఁజాలఁడని యెఱిఁగియు నిచ్చినవాఁడును ధర్మమును దప్పినవాఁడే. ఇరువురి తప్పునకు నొక్కనినే వీధిపాలు చేయుట న్యాయము కాదు. స్వేచ్ఛగల దేశమున నా యిల్లు నా యిష్టమని మఱికొంద ఱందురు. నీ యిల్లు నీ గోడలవఱకు నీ యిష్టము. దానినుండి లేచిన మంట నీ గోడలయొద్ద నాఁగునా?

ఇదంతయు దూరదేశపు గొడవ, మనకేమి యని మన గృహస్థు లనుకొనరాదు. 2011 జనాభాలెక్కలలో మన దేశపు పట్టణములయందు 1 కోటి 10 లక్షలకు మించి యిండ్లు ఖాళీగ నున్నట్లు తేలెను. మఱుసటి సంవత్సరమున ప్రభుత్వము నియమించిన నిపుణసంఘము పట్టణములలో 1 కోటి 87 లక్షలకుఁ బైఁగ నిండ్లకొఱఁత యున్నదని యంచనావేసెను. ఒకప్రక్క మనుష్యులు లేని యిండ్లు, ఒకప్రక్క యిండ్లు లేని మనుష్యులు! అమెరికాలో దారిద్ర్యముచే నిండ్లు ఖాళీయైనవి. మనయం దనేకము కలిమిచే ఖాళీగ నున్నవి. అద్దెకిచ్చినచో నద్దెవాఁడు కదలఁడను భయము, వెల పెరుఁగునను నాశ, ఈ రెండును తాళములకు కాపలా కాయుచున్నవి. విదేశములలో నున్న బిడ్డలు తల్లిదండ్రులకై కట్టించిన మేడలు, ఆ తల్లిదండ్రులు గతించిన పిమ్మట, మన పల్లెలలో దీపములేక నిలిచియుండుట మన మెఱుఁగనిది కాదు.

జప్తుల విషయమునను మనకుఁ జట్టము లేకపోలేదు. 2002లోని చట్టము, సర్ఫేసీ యని వాడుక, అరువది దినముల నోటీసుతో, న్యాయస్థానమున దావా వేయకయే, తనఖా యింటిని స్వాధీనపఱచుకొనుటకు బ్యాంకుల కధికార మిచ్చుచున్నది. బాకీ పోను మిగిలిన సొమ్మును హక్కుదారున కీయవలెనను న్యాయమును అందే కలదు; మిచిగన్ కౌంటీలు మఱచిన ధర్మమును మన చట్టము మఱవలేదు. కాని యెదురెదురుగఁ గూర్చుండి మాటాడు ఫిలడెల్ఫియాబల్ల వంటిది ప్రతి పట్టణమునను మనకుఁ గావలదా? స్వాధీనముచేసికొని బ్యాంకు తాళమువేసిన యింటికి మెట్లెవఁడు తుడువవలెను, కప్పెవఁడు కాపాడవలెను అను ప్రశ్నకు మన మునిసిపాలిటీలు సమాధాన మీయవలదా? ఖాళీయింటి కొక నమోదుపుస్తకము, బాధ్యుని పే రొకటి, పిలిచినఁ బలుకు చిరునామా యొకటి - ఇవి కోట్లు వ్యయమగు సంస్కారములు కావు.

ఇల్లు గోడలచే నిలువదు. దానిని గూర్చి జవాబు చెప్పువాఁ డొకఁ డుండుటచే నిలుచును. ఆ జవాబుదారి యజమానియో, ఋణదాతయో, ఊరో కావచ్చును. ఎవ్వఁడును గాకపోవుట మాత్రము పనికిరాదు. తీసికొన్నవాఁడు కాపాడవలెను, కాపాడలేనివాఁడు కాపాడఁగలవాని కీయవలెను, ఇప్పించు నూరు తనకు రావలసిన దానికంటె నొక్క కాసయినను మిగుల్చుకొనరాదు. ఈ మూఁడు నియమములును ప్రభుత్వములకు మాత్రమే కాదు. మన వీధిలోఁ దాళమువేసిన యిల్లొకటి యున్నచో, దాని యజమాని యెవరో మనకుఁ దెలియునా? తెలియనిచో రేపే కనుఁగొందము. అది మనదే యైనచో, ఈ మాసముననే తలుపు తెఱచి చూచికొందము.